కోతులకో వాటా

వల ఒడ్డు చేరాక వాటాలు పంచడమంటే చేపల్ని లెక్కపెట్టడం అనుకుంటారు చూడనివాళ్ళు. కాదు, మనుషుల్ని లెక్కపెట్టడం. గెడ్డవానిపేటలో ముప్పై ఏళ్ళుగా ఆ పని గంగులుది. తెప్ప వాటా, వల వాటా, నీళ్ళలోకి దిగినవాళ్ళ వాటాలు తీశాక ఆయన తలెత్తి ఇసక మీద ఎవరెవరున్నారో ఒకసారి కలియజూసేవాడు. మొగుడు పోయిన మనిషి, జ్వరంతో వేటకి రాలేనివాడు, దారినపోయే బైరాగి, ఎవరైనా సరే పంచే వేళకి ఇసక మీద నిలబడితే పిడికెడు చేపలు వాళ్ళవి. నోరు తెరిచి అడగక్కర్లేదు, అడిగించుకోవడం పేటకే తలవంపు. ఒకసారి వాటాలోకి ఎక్కిన మనిషిని బతికుండగా దించే ఆచారం కూడా లేదు. ఎవడైనా దించమంటే, "ఎల్లి ఆడి కడుపుకి సెప్పు, ఇయాల్టి నుంచి ఆకలెయ్యొద్దని," అనేవాడు గంగులు.

మంచి ఆచారమే, కాదన్నవాడి కళ్ళు పోతాయి. కానీ దాన్ని మనుషుల దగ్గర ఆపకుండా కోతుల దాకా తీసుకెళ్ళిన పెద్దమనిషి కూడా ఈ గంగులే.

రెండువేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుఫాను తెల్లవారుజామున వచ్చి ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరిచెట్టుని కన్నకొడుకనుకునే నేల అది. ఒక్క పూటలో కొడుకులందరూ నేలకూలారు. జీడితోటలు, పనసలు, మామిళ్ళు అన్నీ వేళ్ళతో సహా లేచిపోయాయి. పేటలో ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి, వలలు కొట్టుకుపోయాయి. ఒడ్డు మీంచి లాగే గంగులు తాతలనాటి లావు నూలు అలివి వల కూడా సముద్రమే తీసేసుకుంది. కొడుకు ధనరాజు అప్పటికే పడమటి తీరాన వేరావల్ బోట్ల మీద పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో ముసలాయన, పెళ్ళాం గున్నమ్మ, కోడలు భారతి, ఆరేళ్ళ మనవరాలు కుసుమకుమారి మిగిలారు.

నాలుగో రోజున సాయం తెచ్చిన మొదటి వ్యాన్ వచ్చింది. పులిహోర పొట్లాలు, రొట్టెలు అన్నీ చేపలు పంచే చోటనే కుప్ప పోశారు. గంగులు అలవాటుగా తలెత్తి చూశాడు. మొగలిపొదల దగ్గర పడిపోయిన కొబ్బరి దుంగ మీద పదీ పన్నెండు కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. తోటల్లో బతికే కోతులవి, మనిషి అలికిడి వింటే చాలు చెట్టెక్కేవి. ఎక్కడానికి చెట్టు లేక ఒడ్డుకి వచ్చాయి. అన్నిటికీ ముందు ఒక ఆడకోతి ఉంది. దాని ఎడం మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. అది లాక్కోవడానికి రాలేదు, గంగులు చేతివంకే చూస్తోంది.

"ఇసక మీద నిలబడ్డాయి," అన్నాడు గంగులు.

"నిలబడనేదు, కూకున్నాయి. కూకున్నోళ్ళకి కూడా వాటాలిచ్చేత్తావేటి?" అంది గున్నమ్మ.

"కూకున్నా వాటాయే."

నాలుగు రోజుల తరవాత పేట మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులోనే నాలుగు పొట్లాలు విప్పి దుంగ దగ్గర పెట్టారు. ఒక్కరూ వద్దనలేదు. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకి ఇంకొకరికి పెట్టగలగడంలో ఎంత ఊరటో పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

నెల తిరక్కుండా జయకృష్ణ అని ఒక కుర్ర లెక్చరర్ రావడం మొదలెట్టాడు. పలాసలో కిరాణా వ్యాపారం చేసుకునే వాళ్ళ అబ్బాయి, కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. తుఫాను తరవాత కోతులు ఏం తిని బతుకుతున్నాయో చూడాలని ప్రతి ఆదివారం బైకు మీద వచ్చి, బైనాక్యులర్స్, నోటుపుస్తకం పట్టుకుని పొద్దుగూకేదాకా దూరంగా కూర్చునేవాడు. ఊరికే కోతుల్ని చూసే ఉద్యోగం కూడా ఉంటుందా అని గంగులుకి వింతగా ఉండేది. వెళ్ళి పక్కన చతికిలబడేవాడు. రెండు మూడు ఆదివారాలకి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

"తాతా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. వీటికి తిండి పెట్టడం ఆపించండి," అన్నాడు జయకృష్ణ ఒకరోజు.

"ఆకలి మీదున్నాయి బాబూ."

"ఉన్నాయి, కాదనను. ఇటు చూడండి," అని బైనాక్యులర్స్ ఇచ్చాడు. వంకరచెయ్యి కోతి కుళ్ళిన కొబ్బరిదుంగ బెరడుని మంచి చేత్తో చీల్చి, లోపల్నించి తెల్లటి పురుగుని లాగి తింటోంది. "పడిన చెట్లనిండా పురుగుంది. మొగలిపళ్ళున్నాయి, చిగుళ్ళు వేస్తున్నాయి. ఇంకో నెలకి మెల్లగా మందస కొండలవైపు పోతాయి. పులిహోర దొరుకుతుంటే ఎందుకు పోతాయి చెప్పండి? మనిషంటే భయం పోయిన కోతి ఎక్కువకాలం బతకదు. ఎవరినో కరుస్తుంది, ఎవరో చంపుతారు."

"ఇసక మీద నిలబడినోడికి నేదనడం నాకు సేతకాదు బాబూ. నువ్వు సదువుకున్నోడివి, నువ్వు అనగలవు."

జయకృష్ణ బైనాక్యులర్స్ తీసుకుని మళ్ళీ కోతులవైపు తిరిగాడు. గంగులుకి లోపల చిన్న గర్వం కూడా కలిగింది. మంచి చేసేవాడికి ఉండే పొగరు అదొకటి, చెడు చేసేవాడి పొగరుకంటే దాన్ని దించడం కష్టం.

సాయం వ్యాన్లు ఆగిపోయాయి, కోతుల వాటా ఆగలేదు. ఇంటికింత అన్నం ముద్ద తీసేవారు. సంక్రాంతి దాటేసరికి కోతులు దుంగ దగ్గర ఆగడం మానేసి గుమ్మాల్లోకి వచ్చాయి. కప్పుల మీద కట్టిన టార్పాలిన్లు చింపాయి. ప్లాస్టిక్ కవరు గలగలమంటే చాలు, అందులో ఉప్పున్నా పప్పున్నా లాక్కుపోయేవి. ఆడవాళ్ళు తిట్టేవారు, తిడుతూనే పెట్టేవారు. వంకరచెయ్యి మాత్రం లాక్కునేది కాదు. గంగులు దగ్గరకొచ్చి కూర్చుని, పెట్టింది తిని పోయేది. ఆయనకి దాని మీద ఎంత ప్రేమ కలిగిందంటే, ఇంట్లో చేప పులుసు ఉడుకుతున్నా ముందు దాని ముద్ద గురించి అడిగేవాడు.

ఏప్రిల్లో అది ఈనింది. పొట్టకి అంటుకుని, ముడతల మొహంతో గుప్పెడంత పిల్ల. పేట ఆడవాళ్ళంతా వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చారు. సరిగ్గా అప్పుడే వేట నిషేధం మొదలైంది. ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు సముద్రంలోకి ఎవరూ దిగకూడదు. వేట లేదు, వాటాలు లేవు, ఇళ్ళలోనే కటకట. ధనరాజు వేరావల్ నుంచి వచ్చాడు.

జయకృష్ణ మళ్ళీ చెప్పాడు. "ఇదే మంచి సమయం తాతా. కొండకింద తోటల్లో మిగిలిన జీడిచెట్లు కాశాయి. నెల రోజులు ఎవరూ ఒక్క మెతుకు పెట్టకుండా ఉంటే అవే పోతాయి. పిల్లతల్లి కూడా పోతుంది."

ఈసారి గంగులు తలూపాడు. తలూపడం చాలా కష్టమైంది ఆయనకి. సాయంత్రం అందరినీ పిలిచి, "రేపట్నుంచి కోతులకి ఎవులూ ఏటీ ఎట్టొద్దు. ఎక్కించినోణ్ణి నాను, నానే దించుతన్నాను," అన్నాడు. పేట సరేనంది.

సరేనంది, ఇంటికెళ్ళింది, ఎవరి పెరట్లో వాళ్ళు చాటుగా పెట్టింది. మా ఇంటిది ఒక్క ముద్దే కదా అని ప్రతి ఇల్లూ అనుకుంది. వాళ్ళలో గున్నమ్మ మొదటిది. బాలింతకి లేదంటే పుట్టగతులుండవని ఆమె భయం. రోజూ మధ్యాహ్నం ముసలాయన కునుకు తీసే వేళ బెల్లం కలిపిన అన్నం పట్టుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టేది. కుసుమ నాన్నమ్మ కొంగు పట్టుకుని వెనకే పోయి చూసేది.

ఒక సోమవారం గున్నమ్మ ఇంకా అన్నం కలుపుతుండగానే కుసుమ ఒక్కత్తే పెరట్లోకి పోయింది. చేతిలో జంతికల కవరు ఉంది. నాన్నమ్మ పెట్టినట్టే ఒక జంతిక తీసి వంకరచెయ్యికి అందించింది. అది తీసుకుంది. తింటోంది కదా అని పిల్ల వంగి, పొట్టకి అంటుకున్న చిన్నదాని తల మీద వేలు పెట్టింది. తల్లికోతి కుసుమ ముంజేతిని పంటితో పట్టి వదిలేసి, గోడ దూకిపోయింది.

గున్నమ్మ పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తింది. "పసుపొద్దత్తా, ముందు సబ్బు," అని భారతి పిల్లని బోరు కింద కూర్చోబెట్టి, ఏడుస్తున్నా వదలకుండా చాలాసేపు కడిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. గాయం లోతుగా ఉందని గాయంలోనే ఒక మందు ఎక్కించారు, భుజానికి సూది వేశారు, ఇంకా నాలుగు సూదులున్నాయన్నారు. కుక్కకాటుకి ఎంత భయపడాలో కోతికాటుకీ అంతేనని డాక్టరు చెప్పింది. తిరిగి వచ్చాక గున్నమ్మ మొగుడి ఎదట కూర్చుని, పెరటి గోడ సంగతంతా చెప్పేసింది. గంగులు ఆమెని ఒక్క మాట అనలేదు. ఆమె చేసింది ఆయన నేర్పిందే, ఆ సంగతి ఆయనకి తెలుసు.

ధనరాజు మాత్రం ఊరుకోలేదు. అరటిపళ్ళలో పెట్టడానికి పురుగులమందు తెచ్చి చూరులో దాచాడు.

"ఆకలేసినోడికి తిండిలో మందెడతావేట్రా? మన ఇసక మీద?" అన్నాడు గంగులు.

"నా గుంట సెయ్యి సూసినావా నాన్నా? సోమారం దాకా ఆగుతాను. అప్పటికి అవి ఇక్కడుంటే నా ఇష్టం."

జయకృష్ణకి ఫోన్ చేస్తే అటవీశాఖ వాళ్ళతో మాట్లాడుతున్నాననీ, పదిహేను రోజులు పడుతుందనీ, సొంతంగా పట్టే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దనీ అన్నాడు. పదిహేను రోజులు ఎక్కడున్నాయి? ఐదు రోజులున్నాయి. గంగులు నిద్రలోనూ మెలకువలోనూ ఒకటే ఆలోచించాడు. ఆ తల్లీ పిల్లా ప్రాణాలతో కొండకి చేరాలి. మిగతావి ఎలాగూ తల్లి వెనకే పోతాయి. తిండి పెట్టి ఇక్కడ కట్టిపడేసింది తను, కొండకి చేర్చాల్సింది కూడా తనే.

చేపలు పట్టేవాడికి పట్టడమంటే వలే తోస్తుంది. తుఫాను తరవాత సాయంగా ఇచ్చిన, కానాగంత చేపలు పట్టే వల ఉంది, సన్నటి నైలాన్‌ది. ఆ వల పని ఎలా ఉంటుందో గంగులుకి చెప్పేవాడెవడు? చేప వల కన్నులో తల దూరుస్తుంది, ముందుకు పోలేదు, వెనక్కి లాక్కుంటే మొప్పల దగ్గర బిగుస్తుంది. అది తెలిసీ ఆయన మనసుకి ఒక సమాధానం చెప్పుకున్నాడు. చేపకి చేతుల్లేవు గనక పీక దూరుస్తుంది. కోతికి చేతులున్నాయి, వల పట్టుకుని కూర్చుంటుంది, అలాగే చుట్టి ఆటోలో ఎక్కించి కొండకింద వదిలేద్దాం. నలుగురితో అంటే నిజమే అన్నారు. నలుగురూ చేపలు పట్టేవాళ్ళే మరి. కొడుకుని కూడా ఒప్పించాడు.

సోమవారం పొద్దున్నే పంచే చోట వలని ఇసకలో కప్పి, తాళ్ళు అటు ముగ్గురు ఇటు ముగ్గురు పట్టుకుని తెప్పల చాటున కూర్చున్నారు. గంగులు మధ్యలో అన్నం కుప్ప పోసి పక్కన కూర్చున్నాడు. కోతులు దుంగ దాకా వచ్చి ఆగిపోయాయి. ఏదో అనుమానం వాటికి. వంకరచెయ్యి మాత్రం ఆయన్ని చూసింది, చూసి నడుచుకుంటూ వచ్చేసింది. అన్నం మీద వంగింది. ఆయన చెయ్యెత్తితే తాళ్ళు లాగాలి. ఎత్తడానికి ఆ చెయ్యి ఎంత బరువెక్కిందో ఆయనకే తెలుసు. ఎత్తాడు.

వల లేచి మీద పడింది. మిగతావన్నీ పారిపోయాయి. తల్లికోతి వల పట్టుకుని కూర్చోలేదు. రెండు చేతులతో చీల్చబోయింది, చేతులు కన్నుల్లో ఇరుక్కున్నాయి, పొర్లింది. ఆ పొర్లడంలో పిల్ల పట్టు వదిలింది, దాని తల ఒక కన్నులోంచి బయటికి వచ్చింది. తల్లి పిల్లని గుండెకి లాక్కుంది. లాక్కున్నకొద్దీ ఆ పీక దగ్గర నైలాన్ బిగిసింది.

"ఒగ్గీండిరా తాళ్ళు," అంటూ గంగులు మీద పడ్డాడు. మొలలోని కత్తి తీసి వల కోశాడు. తల్లికోతి ఆయన కుడిచేతిని రెండుసార్లు కరిచింది, ఆయన చెయ్యి తియ్యలేదు. ఒక్కొక్క కన్నూ కోసుకుంటూ పిల్ల పీక దాకా వచ్చేసరికి అది మెత్తగా వేలాడుతోంది. తల్లి దాన్ని లాక్కుని, మూడు కాళ్ళ మీద కుంటుతూ మొగలిపొదల్లోకి పోయింది.

ఆరుగురు మగవాళ్ళు చీలికలైన వలని చూస్తూ నిలబడ్డారు. గంగులు ఇసకలో కూలబడి బావురుమన్నాడు. ధనరాజు తండ్రిని లేపి బోరు దగ్గరకి నడిపించి, సబ్బుతో చెయ్యి కడిగాడు. తరవాత ఇంటికెళ్ళి చూరులోని మందు తీసి గొయ్యి తవ్వి పాతేశాడు, ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజే కుసుమకి మూడో సూది. తాతకి మొదటిది. ఆసుపత్రి బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"తాతా, నిన్ను కూడా కరిసేసిందా?" అంది కుసుమ.

"ఊఁ."

"నువ్వు కూడా దాని పిల్లని ముట్టుకున్నావేటి?"

"ముట్టుకున్నానమ్మా."

"ముట్టుకోకూడదు తాతా. దానికి కోపమొస్తాది," అని పిల్ల బుద్ధి చెప్పింది. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తరవాత పేటలో ఏ పెరట్లోనూ ఒక్క మెతుకు పడలేదు. సిగ్గో భయమో, ఈసారి మాట నిలిచింది. జయకృష్ణ విషయం విని వెంటనే బైకు మీద వచ్చాడు. తిట్టలేదు. ఇప్పుడు గనక జాలిపడి పెడితే ఉన్నవాటిని కూడా పోగొట్టుకుంటాం తాతా అని మాత్రం అన్నాడు.

వంకరచెయ్యి ఇక ఈ వైపు రాదనుకున్నాడు గంగులు. ఐదో రోజున వచ్చింది. పిల్ల లేదు. డొక్కలు అంటుకుపోయి ఉంది. పంచే చోట ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే దూరదూరంగా తచ్చాడి, చివరికి వచ్చి ఎదట కూర్చుంది. ఆయన కదలలేదు. అది ఆయన ఎడమచెయ్యి పట్టుకుని మూసిన గుప్పిటని వాసన చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. చిటికెన వేలు, దాని పక్కది, ఆ పక్కది. ఏమీ లేదు. అరచేయి వెనక్కి తిప్పి చూసింది. కట్టు కట్టిన కుడిచెయ్యి కూడా చూసింది. ఇంట్లో కుండనిండా అన్నముంది, పిలిస్తే పలికే దూరంలో గున్నమ్మ ఉంది. గంగులు పళ్ళు బిగించి కూర్చున్నాడు. అది మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి లేచిపోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పదకొండు రోజులు వచ్చింది, పదకొండు రోజులూ ఆయన ఖాళీ చేతులతో దాని ఎదట కూర్చున్నాడు. "ఎందుకెల్తావు, ఇంట్లో కూకోరాదా?" అని గున్నమ్మ ఏడ్చింది. "నాను కనిపించాల, నా దగ్గర ఏటీ నేదని అది సూడాల," అన్నాడాయన. పన్నెండో రోజున ఒక్క కోతీ రాలేదు.

వానలు పడ్డాయి. ఆగస్టులో ధనరాజు మళ్ళీ వేరావల్ పోయాడు. కార్తీకం ముందర జయకృష్ణ వచ్చి, మంద మొత్తం కొండకింద తోటలో కనబడిందనీ, వంకరచెయ్యి కూడా ఉందనీ, ఒళ్ళు చేసిందనీ చెప్పాడు. చూస్తారా అని అడిగి, బైకు వెనక ఎక్కించుకుపోయాడు.

కొండవాలులో తుఫానుకి మోడైపోయిన జీడిచెట్లు మళ్ళీ చిగిర్చి గుబురెక్కాయి. గట్టు మీద కూర్చున్న కాసేపటికి కోతులు కనిపించాయి. నేల మీద ఏవో ఏరుకుని తింటున్నాయి. గంగులు బైనాక్యులర్స్ అక్కర్లేకుండానే దాన్ని గుర్తుపట్టాడు. తెలియకుండానే లేచి రెండడుగులు వేశాడు. అది తలెత్తింది, ఆయన్నే చూసింది. గొంతెత్తి ఒక్క అరుపు అరిచింది. మంద మొత్తం తినేది వదిలేసి కొమ్మల్లోకి ఎగబాకింది, అన్నిటికంటే పైకొమ్మకి అది పోయింది.

"గుర్తుపట్టినాదేటి బాబూ?"

"పట్టే ఉంటుంది తాతా."

"పట్టి భయపడిందా?"

"భయపడింది. ఇక బతుకుతుంది," అన్నాడు జయకృష్ణ నెమ్మదిగా.

గంగులు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. సంతోషమే, సంతోషం కాదనడానికి లేదు. కానీ అంత దుఃఖం ఆయనకి తుఫాను రోజున కూడా రాలేదు. కొంతసేపటికి మొహం తుడుచుకుని పైకొమ్మ వైపు చూశాడు. అది ఇంకా అక్కడే ఆకుల్లో ముడుచుకుని ఈ ఇద్దర్నీ గమనిస్తోంది. కింద అవి తింటూ వదిలేసిన కాయలు అలాగే పడి ఉన్నాయి.

"ఎల్లిపోదాం పద బాబూ," అన్నాడు గంగులు. "మనమిక్కడుంటే అవి దిగి తినవు."